రెండు కిటికీల కొలత

ఆ వీధిలో ఆమెను అందరూ కర్టెన్లమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా కర్టెన్లు కుట్టడమే ఆమె పని. ముందుగదిలో గోడ పొడవునా పొట్టి కిటికీ, దాని కింద మిషను, పక్కన కత్తిరించుకునే బల్ల. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి దానితోనే పెళ్ళికి వెళ్ళి కూర్చుంది, పక్కావిడ చెప్పేదాకా తెలియలేదు. ఊళ్ళో ఇన్ని కిటికీలకు కుట్టి పెట్టిన మనిషి తన కిటికీకి మాత్రం గుడ్డముక్క కట్టలేదు. వెలుతురు లేకపోతే సూదిలోకి దారం ఎక్కదు.

ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఒకే ఇంట్లో కర్టెన్లు ఒకే మట్టానికి దిగాలి. ఒక కిటికీ పొట్టిదీ ఒకటి పొడుగుదీ అయితే పొట్టిదానికి కూడా నేలదాకా దించి కుడుతుంది. గిరాకీలు వద్దన్నా వినదు. "ఒకటి మోకాలిదాకా, ఒకటి మడమదాకా ఏంటండీ, నిక్కరూ ప్యాంటూ కలిపి తొడిగినట్టు" అంటుంది. వాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు.

పోయిన వారం కూతురు ఫోన్ చేసి, "కుదిరిందమ్మా, కొలతలు రాసుకో" అన్నప్పుడు కర్టెన్లమ్మ ప్రాణం లేచొచ్చింది. కూతురు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు కాగితం మార్చి ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు. అల్లుడు పెద్ద గోడౌనులో సరుకు చూసుకునేవాడు. అక్కడ మనుషుల బదులు మిషన్లు పెట్టారు, సగం మందిని ఇంటికి పంపారు, మిగతావాళ్ళని తలోచోటికీ మారుస్తామన్నారు. ఎక్కడికో నాలుగు నెలలు చెప్పలేదు. ఉన్న ఇల్లు ఖాళీ చేసి, ఆరేళ్ళ కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలారు, ఇల్లు కుదిరేదాకా అని.

ఆ పిల్లని ఇంట్లో బుడంకాయ్ అంటారు. అది వచ్చిన రోజు నుంచి దాని సంచి తలుపు పక్కనే ఉంది. అందులోంచి గౌను తీసుకుంటుంది, ఉతికింది మళ్ళీ అందులోనే పెట్టుకుంటుంది. బీరువాలో పెడతానంటే ఒప్పుకోదు.

"మర్చిపోతానమ్మమ్మా, వెళ్ళేటప్పుడు."

కొలతలు విచిత్రంగా ఉన్నాయి. ఒక కిటికీ మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల నిలువు. రెండోది నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర నిలువు. ఇల్లు కట్టినవాడికి కళ్ళు నెత్తికెక్కాయా అనుకుంది కర్టెన్లమ్మ. లేతపచ్చ గుడ్డ బుడంకాయే ఏరింది. మూడు రోజులు వేరే పని ముట్టుకోకుండా రెండూ కుట్టింది, నిండా కుచ్చులు పెట్టి, ఏడడుగుల పొడవున, ఒక్క మట్టానికి.

ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. నవ్వుకుంటూనే వచ్చారు. బస్సులో అల్లుడు నిద్రపోయి పక్కాయన భుజం మీద వాలాడట, ఆయన కూడా నిద్రపోయి ఈయన మీద వాలాడట. బుడంకాయ్ సంచి భుజాన తగిలించుకుని తండ్రి ఒళ్ళో కూర్చుంది. కర్టెన్లమ్మ కర్టెన్లు విప్పి చూపించింది.

"ఇంత పొడవెందుకమ్మా? నా మంచం కిటికీ కిందే. ఇది దుప్పటిలో కలిసిపోతుంది."

"నా మంచం ఏంటే? అల్లుడుగారు నేల మీద పడుకుంటారా?"

అల్లుడు చెవి వెనక గోక్కున్నాడు.

"పొడుగుది నా గదిది అత్తయ్యా. నాది నన్ను కొత్తగా వేసిన ఊళ్ళో. తనది పాత ఊళ్ళోనే, ఆస్పత్రి పక్కన."

కర్టెన్లమ్మ మెడలోని టేపు తీసింది, మళ్ళీ వేసుకుంది. రెండు కిటికీలు కావు, రెండు ఇళ్ళు. ఇళ్ళు కూడా కావు, రెండు గదులు.

"గొడవపడ్డారా?"

"గొడవపడాలన్నా ఒక కప్పు కింద ఉండాలి కదత్తయ్యా" అన్నాడు అల్లుడు. కూతురు అతని మోచేతి మీద ఒకటి వేసింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూస్తే కర్టెన్లమ్మకి ఇంకా అయోమయంగా అనిపించింది. కొట్టుకుని విడిపోయినవాళ్ళు ఆమెకు తెలుసు. వాళ్ళకి ఏం చెప్పాలో, ఎవర్ని తిట్టాలో తెలుసు. ఇలా ఒకరి కప్పులో టీ ఒకరు తాగుతూ రెండు ఊళ్ళకి పోయేవాళ్ళని ఏమనాలి?

"ఒకరు మానేసి రెండోవాళ్ళ దగ్గరికి పోవచ్చుగా."

"ఎవరు మానాలమ్మా? ఆయన గోడౌను ఏడాది ఉంటుందో లేదో. నా కాగితం ఆర్నెల్లే. నేను మానేసి వెళ్ళాక ఆయనది పోతే?"

"మరి ఇది?" అంది బుడంకాయ్ వైపు చూసి.

"నాది ఆడవాళ్ళ హాస్టలమ్మా, పిల్లల్ని రానివ్వరు. ఆయన గదిలో ఇంకో ఇద్దరు మగాళ్ళున్నారు. ఫోన్లో చెప్పాలనే అనుకున్నా. నువ్వు కొలతలు రాసుకుంటూ అంత సంబరపడుతుంటే నోరు రాలేదు."

"ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు" అంది కూతురు.

"ఆరు అనుకోండి" అన్నాడు అల్లుడు అదే సమయంలో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాదనాలనుకుంది కర్టెన్లమ్మ. తన నడుం పట్టేస్తోందనీ, పిల్లకి కావాల్సింది అమ్మమ్మ కాదనీ. కాదంటే పిల్ల ఎక్కడికి పోతుందో ఆలోచిస్తే ఏమీ తోచలేదు. ఊఁ అంటే ఇది ఇలాగే స్థిరపడిపోతుందేమోనని భయం. కత్తెర తీసుకుని కూతురి కర్టెన్‌ని బల్ల మీద పరిచింది. ఇన్నేళ్ళలో తను కుట్టినదాన్ని తనే కోయడం అదే మొదలు. నాలుగున్నర అడుగుల దగ్గర సుద్ద గీత గీసింది, కోసింది, అంచు మడిచి కుట్టింది.

ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. రెండూ వేర్వేరు సంచుల్లో సర్దింది.

సాయంత్రం వాళ్ళు బయల్దేరారు. సందు చివరిదాకా కలిసి నడిచి, అక్కడ అతను ఎడమకీ ఆమె కుడికీ తిరిగారు. బుడంకాయ్ ఏడవలేదు. లోపలికొచ్చి బల్ల మీద మిగిలిన ముక్క ఎత్తి పట్టుకుంది.

"అమ్మకో కిటికీ, నాన్నకో కిటికీ. నాదేది?"

కర్టెన్లమ్మ ముక్కని తన కిటికీకి ఆనించి చూసింది. నిలువుకి సరిగ్గా సరిపోయింది. సాపుగా పరిస్తే కిటికీ మొత్తం మూసుకుపోతుంది, పొద్దున మిషను మీద చీకటి.

"అమ్మదానికిలాగే కుచ్చులు పెట్టు" అంది పిల్ల.

కుచ్చులు పెడితే సగం కిటికీకే వచ్చింది. పిల్ల చాప వేసుకునే వైపు కర్టెన్ కట్టి, మిషను రెండో సగం కిందికి జరిపింది. అలవాటు లేని చోటు, మోకాలు గోడకి తగులుతోంది. కోసిన అంచు మాత్రం మిషను మీద కుట్టలేదు. చేత్తో టాకాలు వేసి వదిలేసింది. లాగితే ఊడొచ్చేవి.

"గట్టిగా ఎందుకు కుట్టలేదమ్మమ్మా?"

"చూద్దాం."

బుడంకాయ్ సంచి తెచ్చి కర్టెన్ కింద పెట్టుకుంది. ఒక గౌను బయటికి తీసింది, కాసేపు పట్టుకుని నిలబడింది.

"ఇది బీరువాలో పెట్టనా?"

కర్టెన్లమ్మ సూది నోట్లో పెట్టుకుని ఉంది. అందుకని జవాబు చెప్పక్కర్లేకపోయింది.