ఎవరి గుండె అది?

కాన్పుల వార్డులో ఆ నర్సుని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆవిడ "ఎందుకమ్మ". ఫ్యాను తిరిగితే ఎందుకు తిరిగింది, ఆగితే ఎందుకాగింది! "కోడిగుడ్డుమీద ఈకలు పీకకండి అక్కా, మీతో వేగలేను" అని డాక్టరమ్మ తలపట్టుకునేది.

ఆ ఉదయం తొలికాన్పు పిల్ల ఒకతె నొప్పులు పడుతోంది. పొట్టకి బెల్టు కట్టి, దాని కింద బిడ్డ గుండె చప్పుడు పట్టే యంత్రం బిళ్ళ పెట్టారు. గుండె చప్పుడు గదంతా వినిపిస్తోంది, అంకె తెరమీద పడుతోంది.

"నా బిడ్డ బాగుందా అక్కా?"

"బంగారంలా ఉంది తల్లీ. నిక్షేపంగా కొట్టుకుంటోంది."

అనేసి కూచుంది. కూచుంటే మాత్రం బుద్ధి ఊరుకుంటుందా? నొప్పి వచ్చినప్పుడల్లా అంకె పైకి పోతోంది, తగ్గగానే దిగుతోంది. ఇదేం చోద్యం! నొప్పిలో బిడ్డ గుండె మందగించడం చూసింది గానీ, ప్రతిసారీ ఇలా ఎగరడం ఎప్పుడు చూసింది? అయినా ముక్కేది బిడ్డా, తల్లా?

లేచి తల్లి మణికట్టు పట్టుకుంది. వేలికింద ఒక దెబ్బ, యంత్రంలో ఒక దెబ్బ. రెండూ ఒకటే! బిళ్ళ జరిగిపోయి తల్లి గుండెనే వినిపిస్తోంది. ఎందుకమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి.

బిళ్ళని కిందికి జరిపింది, పక్కకి జరిపింది. "ఎక్కడ దాక్కున్నావమ్మా, పలుకు!" చివరికి పొత్తికడుపు దగ్గర దొరికింది. నీరసంగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"డాక్టరమ్మా, రండి! ఇందాకటినుంచి విన్నది తల్లి గుండెనండీ, నేనే పొరబడ్డాను!"

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది? బిడ్డ తలకి గాలి పీల్చి పట్టుకునే కప్పు తగిలించి, నొప్పితోపాటు లాగింది. ఆడపిల్ల. ఏడవలేదు.

డాక్టరమ్మ బిడ్డ ముక్కుమీద మాస్కు పెట్టి గాలి కొడుతోంది. ఎందుకమ్మ బొడ్డుతాడు మొదట్లో రెండువేళ్ళు ఆనించి, రెండో చేతి చూపుడువేలు గాలిలో ఆడించడం మొదలుపెట్టింది. గుండె ఎలా కొట్టుకుంటోందో నోరు తెరవకుండా చెప్పుకోవడానికి అదే వాళ్ళ పద్ధతి.

"ఆ వేలేమిటక్కా?" తల్లి అడిగింది.

"నీ బిడ్డ గుండెమ్మా. ఈసారి దానిదే."

వేలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. తల్లి రెప్ప వెయ్యలేదు. వేలు కాస్త త్వరపడింది, ఇంకాస్త, ఆ తరవాత ఆపమన్నా ఆగనంత గబగబా.

"అక్కా, జోరందుకుంది!" అని అందరికంటే ముందు తల్లే అరిచింది.

ఆ అరుపు వెనకే బిడ్డ కేరుమంది.