ఇరుకు తలుపు విమానం

సైనిక విమానాశ్రయంలో అందరికీ ఆమె బరువులక్కే. రవాణా విమానంలో ఏ మూట ఎక్కడ పెట్టాలో, ఏ తాడు ఎంత బిగించాలో చూడటం ఆమె ఉద్యోగం. ఇంట్లోనూ ఆ బుద్ధి పోలేదు. భర్త స్కూటర్‌కు కూరల సంచి తగిలిస్తే, ఇటుది అటు మార్చేదాకా ఊరుకునేది కాదు.

"మావాణ్ణి కూడా తూకం వేసే చేసుకున్నావా ఏంటే?" అనేది అత్తగారు.

"ఆయన్ని తూచక్కర్లేదత్తయ్యా, మీరెటు లాగితే అటే ఒరుగుతారు."

కొండల మీది శిబిరాల్లో పెద్ద విమానాలు దిగలేవు. పారాచూట్లతో సామాను విసిరితే సగం లోయపాలు. అందుకని కొద్దిపాటి పరుగుతోనే లేచే చిన్న విమానాలు కొనాలనుకున్నారు. రెండు కంపెనీలు చెరొకటి పరీక్షకు తెచ్చాయి. సామాను ఎక్కించి, దించి, అభిప్రాయం చెప్పే పని బరువులక్కకు పడింది.

మొదటి విమానం ఇసుక బస్తాలతో వెళ్లి కొండ మీద పిట్టలా వాలింది. తలుపు తీసేసరికి శిబిరం వాళ్లు పరుగెత్తుకొచ్చారు. తమ వంటాయన మీద మరిగే నూనె పడిందన్నారు. వానకు దారి తెగిపోయి ఆసుపత్రికి తీసుకెళ్లే వీల్లేదు.

కంపెనీ పైలట్ తల గీరుకున్నాడు. "రోగుల్ని ఎక్కించుకోవడానికి నాకు అనుమతి లేదండీ."

"ఇంకా కొనని విమానం. నేను మాత్రం ఎలా ఆర్డర్ వేస్తాను?" అన్నాడు వెంట వచ్చిన కొనుగోలు అధికారి.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా బరువులక్క బస్తాలు దించడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"బరువు పరీక్షే కద సార్. ఇసుకైతేనేం, మనిషైతేనేం?"

అధికారి కాసేపు తటపటాయించాడు. "సరే, కానివ్వండి. మాటొస్తే నేను పడతాను."

పైలట్ తన సీట్లోకి ఎక్కాడు.

స్ట్రెచర్ తలుపులో పట్టలేదు. ఒక పక్కకు వంచాల్సి వచ్చింది. కాలిన చెయ్యి అంచుకు తగిలి వంటాయన కెవ్వుమన్నాడు. ఆమె చేతులు ఆగాయి. పళ్లు బిగబట్టి మళ్లీ తోసింది. విమానం పరుగుబాటలో సగం మిగిలుండగానే లేచింది. వంటాయన బతికాడు.

రెండో విమానాన్నీ చూశాక ఏది కొనాలో తేల్చడానికి కొనుగోలు బృందం కూర్చుంది. ప్రాణం నిలిపిన విమానానికే ఆమె మొగ్గుతుందని అందరూ అనుకున్నారు. ఆమె రెండోదే మేలంది. దానికి మరికాస్త పరుగు కావాలి, కానీ వెనక తలుపు బారెడు. వాదోపవాదాలయ్యాక దాన్నే కొన్నారు.

పైలట్ వెళ్లిపోతూ ఆమె దగ్గరికొచ్చాడు. "మీరూ వద్దన్నారటగా అమ్మా?"

"ఎగరడంలో మీ విమానానికి వంక పెట్టలేం కెప్టెన్ గారూ. తలుపే ఇరుకు. దెబ్బ తిన్న మనిషిని మళ్లీ అలా తొయ్యడం నా వల్ల కాదు."



మోకాళ్లు సహకరించినన్నాళ్లు ఆమె కొత్త విమానాల్లో తిరిగింది. ఎందరినో పడుకోబెట్టి తిన్నగా ఎక్కించింది. అన్నిటికంటే పైనున్న శిబిరంలో మాత్రం వాటికి నేల చాలలేదు. మొదటిదైతే అక్కడా దిగేదని ఆమెకు తెలుసు. అక్కడెవరికైనా జబ్బు చేసిందని కబురొస్తే, ఆ పూట బిగించిన తాళ్లనే మళ్లీ మళ్లీ విప్పి బిగించేది.