బావి మీద రాసిన ‘విషం’

1956 ఎండాకాలంలో నన్ను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పటాన్‌చెరుకు వేశారు. మొదటి పని దిగుడు బావుల తనిఖీ. జనం మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి కడవలు ముంచుకునే బావులవి. కాలి పుండులోంచి దారంలా బయటికొచ్చే నారి పురుగు ఆ నీళ్లలో పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు మరుసటి ఏడు అదే పుండు. దానికి మందు లేదు. నీళ్లు వడకట్టుకోవాలి, పుండున్నవాళ్లు బావిలో దిగకూడదు.

నోటీసును మా హెల్త్ ఆఫీసరు సంగారెడ్డి నుంచి రాసి పంపారు: “ఈ నీళ్లు విషం. తాగితే చస్తారు.” భయపెడితే తప్ప జనం వినరని ఆయన నమ్మకం. ఒక ఊరి బావికి అంటించాను.

వారం తర్వాత వెళ్తే ఒక్కరూ వడకట్టడం లేదు. వేరే బావి లేదు కనుక అవే నీళ్లు తాగుతున్నారు. బావి పక్కన బట్టలకు రంగులద్దే ఖాసిం పొయ్యి మాత్రం ఆరిపోయింది. ఎవరూ అతనికి బట్ట ఇవ్వడం లేదు. వచ్చే వారం అంగడి నాటికి ఊరు విడిచిపొమ్మన్నారు. అతని రంగునీళ్లు పల్లంలోకి పోతాయే గాని బావిలోకి రావని కాలువ వెంట నడిచి నిర్ధారించుకున్నాను.

పటేలు మల్లారెడ్డిని అడిగాను.

“విషమని సర్కారే రాసింది గద సారూ. బావి కాడ రంగులు ఉడకబెట్టేది గీయనొక్కడే. మరి మేం కలిపినమా?”

“నేను గూడ గీ నీళ్లే తాగుతున్న పటేలా,” అన్నాడు పక్కనే నిలబడ్డ ఖాసిం. “నా విషం నాకే పని చేస్తలేదా ఏంది?”



ఆ రోజే సంగారెడ్డి వెళ్లాను. భయం పనిచేసిందనీ, అయితే పురుగు మీద కాక మనిషి మీద పనిచేసిందనీ ఆఫీసరుకు చెప్పాను. కొత్త నోటీసు ముందుంచాను: “ఈ నీళ్లలో నారి పురుగు ఉంది. రెండు పొరల బట్టతో వడకట్టి తాగండి. పుండున్నవాళ్లు మెట్లు దిగవద్దు.” ఇందులో పదును లేదన్నారాయన. సంతకం అయ్యేదాకా నేను కదల్లేదు. ఊరు వినకపోతే జవాబుదారీ నాదేనని చెప్పి సంతకం పెట్టారు.

కొత్త కాగితం చదివించుకుని పటేలు అడిగాడు: “మరి మొన్నటి విషం ఏడికి పోయింది సారూ?”

మొన్న విషమని రాసింది ఈ పురుగునేననీ, ఖాసిం రంగునీళ్లు బావిలోకి రావనీ చెప్పాను. అందరి ముందు ఒక కడవ నీళ్లు వడకట్టి, బట్ట మీద కదిలే నలుసులు చూపించాను. నారి పురుగు పిల్లలు వాటి కడుపులోనే పెరుగుతాయని చెప్పాను. పటేలు చాలాసేపు వంగి చూశాడు.

“ఇగ గివా మేం తాగేది,” అన్నాడు. మర్నాడు తన తలపాగా బట్టను అద్దకానికి పంపాడు. ఖాసిం పొయ్యి మళ్లీ వెలిగింది.

రిటైరయ్యేదాకా ఏ నోటీసు రాసినా రెండు సంగతులు చూసుకునేవాణ్ని: ఇది చదివినవాడు ఏ పని చేస్తాడు, ఎవరి వైపు చూస్తాడు. ఆ నోటీసు మార్చడానికి ఒక్క సంతకం చాలింది. ఊళ్లో రెండిళ్లవాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఖాసింకు బట్ట ఇవ్వలేదు.