తెర మీది తలుపు

ఆ సినిమా వచ్చిన దగ్గర్నుంచి టార్చక్కకు నడుం వాల్చే వీల్లేకుండా పోయింది.

హాల్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చీకట్లో వచ్చేవాళ్లకు టార్చి వేసి సీటు చూపించడం, ఆట అయ్యాక మూలమూలలా ఊడ్వడం ఆమె పని. తల్లి పోయినప్పుడు ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు కట్టిపెట్టి చేరింది. అప్పట్నుంచి ఎన్ని సినిమాలు ఆమె వెనకగా నడిచిపోయాయో! వెనకగా అనే అనాలి. టార్చి పట్టుకున్న మనిషి చూపు జనం కాళ్ల మీద ఉంటుంది గానీ తెర మీద ఉండదు. ఏ పాటకు బయటికి లేస్తారో, ఏ ఏడుపుకు ముక్కులు చీదుతారో మాత్రం తిరిగి చూడకుండానే చెప్పగలదు.

ఈ సినిమాలో పాటా లేదు, ఏడుపూ లేదు. కొండ కింద ఒక ఇల్లు. ఒకాయన పొద్దున్నే టీ తాగుతూ తాగుతూ కప్పు సగంలో పెట్టి లేస్తాడు, తలుపు తీసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. భార్య వెతుకుతుంది, పోలీసులు వెతుకుతారు, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. ఆఖర్న తెరిచి ఉన్న ఆ తలుపును చూపిస్తారు. చూపిస్తూనే ఉంటారు. గడప మీది ఎండ మెల్లగా గది లోపలికి జరుగుతుంది. తర్వాత తెర నల్లబడుతుంది.

మొదటి రోజే ఒక పెద్దాయన ఆమెను గుమ్మం దగ్గర నిలదీశాడు.

"ఏమ్మా, ఇంతకీ వాడేమయ్యాడు?"

"నాకేం తెలుసు బాబాయ్, టార్చి వేసేదాన్ని."

"సీటు చూపించిన దానివి, ఆ మనిషిని కూడా చూపించు మరి! మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి తలుపు చూపిస్తారా? మా ఇంట్లో లేదా తలుపు?"

అలాంటి సినిమాలు రెండు మూడు రోజుల్లో ఎత్తేస్తారు. దీన్ని మాత్రం అద్దాలాయన పట్టుకున్నాడు. ముఖంలో సగం కళ్లద్దాలే ఉండే ఆయన సినిమా సంఘం నడుపుతాడు. మధ్యాహ్నం ఆట అయ్యాక జనం సీట్లలోనే కూర్చుని ఎవరికేం అర్థమైందో చెప్పుకునేట్టు ఓనరుతో మాట్లాడి ఏర్పాటు చేశాడు. ఆ నోటా ఈ నోటా పాకి హాలు నిండసాగింది.

"వాడు మొదట్నుంచీ చచ్చినవాడే. కప్పులోంచి ఆవిరి వచ్చిందా? రాలేదు!"

"పెళ్లామే చంపింది, రాసిపెట్టుకో. రెండో కప్పు ఎవరిది మరి?"

"రెండో కప్పు ఎక్కడుందిరా బాబూ? నాలుగుసార్లు చూశాను."

"నాలుగుసార్లు చూసినా కప్పు కనబడలేదంటే వెళ్లాల్సింది సినిమాకి కాదు, కళ్ల డాక్టరు దగ్గరికి."

నవ్వులు, వాదనలు, అలకలు. ఆఖరి మనిషి లేచేదాకా చీపురు నేలకు తగలకూడదని ఆ హాల్లో కట్టుబాటు. సాయంత్రం ఆటకు వేరే మనిషి వస్తాడు గానీ, ఊడ్చిన హాలే అతనికి అప్పజెప్పాలి. టార్చక్క చీపురు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది. పిక్కలు పీకేవి. కప్పు ఒకటైతేనేం, రెండైతేనేం, లేవండి తండ్రీ అని లోపల్లోపలే మొక్కుకునేది.

ఎందుకంటే ఇంటి దగ్గర చెల్లెలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటుంది. చెల్లెలిది ప్యాకింగు ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. గంట కొట్టాక గేటు వేసేస్తారు. ఈ చర్చలు మొదలయ్యాక అక్క రావడం ఆలస్యమై ఇప్పటికే గేటు బయట మిగిలిపోయింది, ఒకసారి కాదు. ఇంకొక్కసారి అలా జరిగితే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పేశాడు. పోనీ ముందే వెళదామంటే తండ్రిని ఒంటరిగా వదిలే వీల్లేదు.

తండ్రి గోడౌనులో వాచ్‌మన్‌గా పనిచేసి మానినవాడు. జ్ఞాపకమంతా జారిపోయింది గానీ తలుపుల ధ్యాస మిగిలింది. తలుపు వేసి ఉందో లేదో చూడ్డానికి తలుపు తీస్తాడు. తీశాక ఎందుకు తీశాడో మర్చిపోతాడు. ఇక తీసి ఉన్న తలుపులోంచి బయటికి నడుస్తాడు. ఒకసారి బయట తాళం వేసి చూశారు. గుద్ది గుద్ది చేతులు వాచేలా చేసుకున్నాడు.

ఆ రోజు ఆట ఇంకా నడుస్తుండగానే చెల్లెలు తండ్రిని చేయి పట్టుకుని హాలు గుమ్మంలోకి వచ్చేసింది.

"అక్కా, ఇదిగో నాన్న. వీళ్లు ఎప్పుడు లేస్తారో, నువ్వెప్పుడు వస్తావో! తిట్టేదుంటే ఇంటికొచ్చాక తిట్టు."

"ఒసేయ్, ఓనరు చూస్తే..."

చెల్లెలు అప్పటికే వీధి మలుపు దాటింది. టార్చక్క గబగబా తండ్రిని వెనక వరస చివర కూర్చోబెట్టింది. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. హమ్మయ్య అనుకుని బయటి ద్వారాల పరదాలు లాగడానికి వెళ్లింది.

తెర మీద తలుపు వచ్చింది. చూపిస్తూనే ఉన్నారు. ఆ తలుపు మీద ఒక నీడ పడింది.

"ఎవరయ్యా అది, కూర్చో!"

"ఒరేయ్, పోయినవాడు తిరిగొచ్చాడ్రోయ్!"

తండ్రి తెర దగ్గరికి వెళ్లి రెండు చేతులతో గడియ కోసం తడుముతున్నాడు. "ఎవరు తీసిపెట్టారిది? లోపల సరుకుంది. బుద్ధుందా మీకు?" అని గొణుగుతున్నాడు. టార్చక్క పరుగెత్తింది. ఇన్నేళ్లలో తెర ముందు నిలబడటం అదే మొదలు. వెలుగు సూటిగా కళ్లలో కొట్టింది. "రా నాన్నా, రా" అని భుజం పట్టుకుని తిప్పింది.

లైట్లు వెలిగేసరికి హాలంతా చప్పట్లు.

"అద్భుతం!" అన్నాడు అద్దాలాయన. "ఈ తలుపు ఎవరో ఒకరు మూయాలని మనందరికీ ఉంది. లేచింది మాత్రం ఈయన ఒక్కడే. ఎవరిదండీ ఈ ఆలోచన?"

వెనక నిలబడిన ఓనరు తనది కాదనలేదు.

"మా నాన్నండీ. ఒంట్లో బాగుండదు" అంది టార్చక్క.

ఆమె గొంతు ఎంత దూరం పోతుంది? విన్నవాళ్లు కూడా "కూతురుగా ఆవిడ కూడా ఎంత సహజంగా చేసిందో" అన్నారు. ఆ రోజు చర్చ ఇంకాస్త సాగింది.

అందరూ వెళ్లాక ఓనరు పిలిచాడు. ఉద్యోగం ఊడిందనే అనుకుంది.

"రేపు కూడా తీసుకురా మీ నాన్నని. టికెట్ అక్కర్లేదు. సరిగ్గా అక్కడికి రాగానే లేవాలి మరి."

"లేవకపోతే?"

"లేవకపోతే ఇంట్లోనే పడుకోబెట్టుకో. ఇదేమన్నా సత్రమా?"

పని నుంచి వచ్చిన చెల్లెలు కాళ్లు కడుక్కుంటూ ఓనరు అన్నదంతా విన్నది.

"మంచిదే కదక్కా! సినిమా ఉన్నన్నాళ్లూ నా పని నిలబడుతుంది. ఆయనకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదే."

"అయితే మానెయ్యమంటావా?"

"నేనెప్పుడన్నాను?"

ఇద్దరూ చెరో వైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి తిరిగి తండ్రిని చూస్తున్నారు. కొందరు ఫోన్లు సిద్ధంగా పెట్టుకున్నారు. ఓనరు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద పోలీసులు వెతకడం మానేశారు. ఇక తలుపు వస్తుందనగా, టార్చక్క పరదాల దగ్గరికి వెళ్లలేదు. టార్చి ఆర్పి, వెళ్లి తండ్రి పక్క సీట్లో కూలబడింది.

తలుపు వచ్చింది. తండ్రి కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయాడు. ఆమె ఆయన చేయి పట్టుకుంది.

"వేశాను నాన్నా."

"గడియ?"

"గడియ కూడా పెట్టాను."

ఆయన తెర వైపు చూశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. కూతురి ముఖం చూశాడు. మెల్లగా వెనక్కి వాలాడు.

ఓనరు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. ఆమె అటు తిరగలేదు. చెల్లెలి ముఖం కళ్లలో మెదిలింది, అయినా చేయి వదల్లేదు. ఎండ గదిలోకి జరిగింది. తెర నల్లబడింది.

లైట్లు వెలగ్గానే తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఈయన ఇవాళ ఎందుకు లేవలేదు?" అన్నారెవరో.

"తలుపు మూయలేమని తెలిసిపోయినట్టుంది."

"కాదు కాదు, ఆయనకి కోపం వచ్చింది. నిన్న మనం నవ్వాం కదా."

"రేపు లేస్తాడంటారా?"

"ఏమో! రేపు కూడా వచ్చి చూడాల్సిందే."

ఓనరు చేతులు విప్పి ముందుకు రాబోయినవాడు ఆ మాటకు ఆగాడు. హాలు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశాడు. తర్వాత టార్చక్క దగ్గరికి వచ్చి వంగి, "సరే, రానీ. కూర్చుంటే కూర్చోనీ" అని పెదవి కదిపీ కదపకుండా అనేసి వెళ్లిపోయాడు.

చర్చ ఊపందుకుంది. వాళ్లు లేచేదాకా చీపురు ముట్టుకునే పని లేదు. తండ్రి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆమె కూడా కాళ్లు బారజాపి కళ్లు మూసుకుంది.

"చూశారా," అంటోంది ముందు వరసలోంచి ఒక గొంతు, "ఆవిడ ఇప్పుడు కళ్లు మూసుకుంది. అదెందుకంటారు?"

టార్చక్క విన్నది. కళ్లు తెరవలేదు.