పటంలోంచి నేను కత్తిరించిన బావి

యాభై ఏళ్లుగా నా ట్రంకుపెట్టె అడుగున ఒక బొమ్మ పావడా ఉంది. జానెడు కూడా ఉండదు. దాన్ని మోయడం మాత్రం ఇక నా వల్ల కావడం లేదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

జమ్మలమడుగు దగ్గర పిల్లల ఆశ్రమంలో పెరిగాను. అక్కడే కుట్టు టీచరునయ్యాను. ఆశ్రమం కట్టిన తొలినాళ్లలో ఎవరో మహానుభావుడు తోటలూ బడీ బావులూ అన్నీ రంగుల్లో గీసిన పాత పటం ఒకటి ఆఫీసు బీరువాలో ఉండేది. చిరగకుండా వెనక గుడ్డ అతికించారు. తొమ్మిదేళ్ల నాకు అందులో తోటలు కనపడలేదు, గుడ్డ కనపడింది. నా బొమ్మకేమో బట్టల్లేవు. ఒకరోజు బీరువా తెరిచి ఉంటే పటంలో ఒక మూల కత్తిరించేశాను. ఎంత బాగా కుదిరిందనుకున్నారు ఆ పావడా!

నా వంకర కత్తిరింపు అచ్చం ఎలుకల పనిలాగే ఉంది. పెద్దలు గుమాస్తా సుబ్బన్న మీద పడ్డారు. ఎలుకలు కొరుకుతుంటే గాడిదలు కాస్తున్నావా అన్నారు. ఆయన మొలకు వేలాడే బీరువా తాళంచెవి లాగేసుకున్నారు. పాపం, ఆయన ఒక పిల్లిని తెచ్చి పెంచాడు. నేను నోరు విప్పానా? లేదు. పిల్లికి పాలు పోశాను.

నాకు నలభై వచ్చేసరికి కరువొచ్చింది. ఆశ్రమంలో ఉన్న రెండు బావులూ బోరూ ఎండిపోయాయి. పిల్లల్ని తలా ఒక ఊరికి పంపి ఆశ్రమం మూసేద్దామన్నారు. ఆ రోజు సామాను సర్దుకుందామని పెట్టె తెరిచి పావడా తిరగేసి చూశాను. లోపలివైపు పటం కాగితం ఇంకా అంటుకునే ఉంది. రెండు చింతచెట్ల నడుమ నీలంరంగు సున్నా. మూడో బావి! ఎప్పుడో పూడ్చేసినట్టున్నారు, తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు. పరుగెత్తి చూపించాలి కదా? చూపిస్తే, ఈ ముక్క నీకెక్కడిదని అడగరా? సుబ్బన్న ముఖం ఎలా చూడను? పిల్లలు చెదిరిపోయినా ఫరవాలేదా, నా పరువుంటే చాలా?

మా వైపు నీళ్లు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తారు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందంటారు. నేనూ టెంకాయ పట్టాను. చింతచెట్ల నడుమకు వచ్చాక, దేవుడా, వేలితో నేనే లేపాను.

తవ్వితే రాతికట్టు బయటపడింది. తర్వాత బురద, తర్వాత నీళ్లు. పిల్లలు ఆ బురదలోనే పొర్లాడారు. నేనూ చీర ఎగ్గట్టి దిగాను. అంత సంతోషం మళ్లీ ఎరగను. సుబ్బన్న ఏడుస్తూ నవ్వుతూ వచ్చాడు.

“నీ చేతిలో గంగమ్మ ఉండాది మే! ఆ ఎలకలు పటం కొరక్కపోయింటే ఈ బాయి సంగతి మనకు ఎప్పుడో తెలిసిండేది.”

“పోనీలే సుబ్బన్నా. నోరు లేని ఎలకలు, వాటికేం తెలుసు?” అన్నాను.

పటం కత్తిరించింది చిన్నపిల్ల. ఈ మాటన్నది నలభై ఏళ్ల ఆడది. నా అసలు తప్పు అదే.

ఆ తర్వాత తొండూరు నుంచి, చెన్నూరు నుంచి రైతులు టెంకాయలతో జీపుల్లో వచ్చారు, మా చేన్లో చూడమ్మా అంటూ. నా శక్తి ఆశ్రమం గోడ దాటదని పంపేశాను. వాళ్లు వదిలిపోయిన టెంకాయలు నెలంతా పచ్చడి చేశాం.

సుబ్బన్న ఇప్పుడు ప్రొద్దుటూరులో కూతురి దగ్గర ఉన్నాడు. చూపు బాగుంది, చెవులు పోయాయి. చెప్పాలంటే వీధి వీధంతా వినేలా అరవాలి. మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ ఓళిగలు తిని వచ్చేశాను.

ఈసారి కాగితం మీద రాశాను. పావడా ఇస్త్రీ చేసి అందులో మడిచాను. రేపు పొద్దున బస్సు. క్షమిస్తాడో, చేతికర్ర ఎత్తుతాడో తెలియదు. బావి మాత్రం నిండుగా ఉంది, పిల్లలు దూకుతూనే ఉన్నారు. నాకూ ఇవాళ ఊపిరి హాయిగా ఆడుతోంది. పెద్ద పెద్ద అక్షరాలతో మొదటి వరుస ఇలా రాశాను: సుబ్బన్నా, ఎలకలు కాదు. నేనే.