హంస ఎటు చూస్తోంది

నాలుగు పోగులు నేస్తే చాలు, శివనాగరాజు చెయ్యి పక్కనున్న చేతి అద్దం మీదికి పోతుంది. అద్దాన్ని చీర కిందికి దూర్చి, మెడ వంచి, ఒక కన్ను మూసి చూస్తాడు. మళ్ళీ నాలుగు పోగులు. మళ్ళీ అద్దం.

బండారులంకలో ఆ ఇంట్లో పిట్ట గానీ పువ్వు గానీ నేసేటప్పుడు చీర ముఖం నేలవైపు ఉంటుంది. నేసేవాడికి పైన కనిపించేది వెనకవైపు, వేలాడే దారపు కొసలు. ముఖం చూడాలంటే కింద అద్దం పెట్టాల్సిందే. పమిట మీద హంస, చీర కట్టుకున్నావిడ మొహం వైపు చూడాలని, వీపు తిప్పకూడదని వాళ్ళ నాన్న పెట్టిన నియమం. అద్దంలో ముక్కు ఎడమకి కనిపిస్తే హంస సరిగ్గా ఉన్నట్టు. శివనాగరాజుకి చిన్నప్పట్నుంచీ తెలిసిన గుర్తు అదొక్కటే.

ఈసారి చీర ప్రసన్నకుమారి టీచరుగారిది. అతని కూతురు లావణ్యకి అక్షరాలు దిద్దించిన మనిషి. ఎల్లుండి రిటైరవుతున్నారు. "మీ నాన్నగారు మా అమ్మకి నేసిన హంస లాంటిది కావాలి నాగరాజూ. ముందురోజు సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అతనికి కుదురు లేదు. హంస బొమ్మ పాత కాగితం చిరిగిపోయింది. అమలాపురంలో కంప్యూటరు మీద కొత్తది గీయించాడు. దాని మీద నమ్మకం కుదరలేదు. గంటకోసారి చూసేవాడు కాస్తా ఊపిరికోసారి చూడసాగాడు.

మెడ పట్టేసింది. వంచొద్దన్నాడు డాక్టరు. వంచకుండా చూసే మార్గం తనే కనిపెట్టాడు. చేతి అద్దాన్ని రెండు ముక్కలు చేశాడు. ట్యూబులైటు అట్టపెట్టె కోసి, రెండు కొసల్లోనూ ముక్కల్ని ఏటవాలుగా నిలిపి మైదా జిగురుతో అంటించాడు. ఒక కొస చీర అంచు పక్కనుంచి కిందికి పోతుంది. రెండోది కంటి దగ్గర.

దారం కండెలు చుడుతున్న భార్య హేమ నవ్వింది. "తీర్థంలో కొట్టు పెట్టేద్దామాండీ? పిల్లలు ఎగబడి కొంటారు."

"నవ్వు, నవ్వు. మెడ నాది కదా."

మధ్యాహ్నానికి హంస పూర్తయింది. ఆ అట్ట గొట్టంలో కన్ను పెట్టాడు. ముక్కు కుడికి ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కుడికే. పైనుంచి చూస్తే ఎప్పట్లాగే ఉంది. కానీ వెనకవైపుని నమ్మి చీర ఎవడిస్తాడు? కంప్యూటరు వాడు ముంచేశాడనుకున్నాడు. పోగు పోగూ వెనక్కి లాగడం మొదలెట్టాడు.

"టీచరుగారు రేపు సాయంత్రం వచ్చేస్తారండి!"

"వీపు తిప్పిన హంసనిమ్మంటావా ఆవిడకి?"

దీపాల వేళకి హంస పోయింది. మిగిలింది ముడతలు పడ్డ రంగు దారాలే. హేమ వాటిని ఏరుతూ, ఊరికే ఉండలేక గొట్టం ఎత్తి గోడమీది కేలండరు వైపు తిప్పింది.

"ఇందులోంచి చదవొస్తోందేంటండీ?"

"కళ్ళున్నాయిగా. రాకేం?"

"చేతి అద్దంలో రాదు కదా. అక్షరాలు తిరగబడిపోతాయి."

అతను గొట్టం లాక్కున్నాడు. చూశాడు. అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ఒక అద్దం కుడిని ఎడమ చేస్తే, రెండో అద్దం దాన్ని మళ్ళీ కుడి చేసింది. టీచరుగారు చీర విప్పి చూస్తే హంస ఎలా కనిపిస్తుందో, గొట్టంలో అలాగే కనిపించింది. ఇన్నేళ్ళూ అతను చూసింది తిరగబడ్డ హంసని.

"ఏమైందండీ?"

"సరిగ్గానే నేసేను."

"ఆయ్. ఇప్పుడు చెప్పండి."

ఆవిడ ఏరిన దారాలు పక్కన పెట్టింది. "ఆలస్యమవుద్దని టీచరుగారికి ఫోను చెయ్యనా?"

"వద్దు."

మర్నాడు తెల్లవారకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. టీ చల్లారిపోయింది. నాలుగు పోగులకోసారి చెయ్యి పక్కకి పోయింది. అక్కడ అద్దం లేదు. చెయ్యి తిరిగొచ్చింది. మూలనున్న గొట్టం వైపు చూడకుండా నేశాడు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి హంస మెడా ముక్కూ తేలాయి.

అప్పుడు గొట్టం తీశాడు. ముక్కు కుడికి ఉంది. ఉండాల్సింది అటే. అయినా వేళ్ళు పోగుల మీదికి పోయాయి, విప్పెయ్యడానికి.

"హేమా!"

ఆవిడ వచ్చింది. గొట్టం ఆవిడ చేతిలో పెట్టాడు.

"చీర మగ్గం దిగేదాకా ఇది నాకివ్వకు. అడిగినా ఇవ్వకు."

గుంటలో కాలి కిందున్న పావు తొక్కి మళ్ళీ నేతలో పడ్డాడు.