దీపాలు పెట్టాక ఉప్పు

ప్రోగ్రామింగు నాకు అన్నం పెట్టింది, కాదనను. కానీ ఎవరో చెప్పిన బిల్లింగు ప్రోగ్రాములు రాసి రాసి విసుగొచ్చింది. వాటిలో పోగుపడే బిల్లులను తవ్వి, మనుషులు ఏం చేస్తున్నారో చూడాలనిపించింది. డేటా మైనింగు నేర్చుకుని, మా కంపెనీలోనే ఆ విభాగానికి మార్చమని అడిగాను.

"ఒక్క ప్రాజెక్టు చేసి చూపించండి. బాగుంటే తీసుకుంటాం, లేకపోతే పాత సీటే" అన్నారు హైదరాబాదు నుంచి ఫోనులో మేనేజరు. పాత సీటుకి వెళ్లేది లేదని నేను అప్పుడే అనేసుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అంటారు మా ఇంట్లో.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కిరాణా కొట్ల బిల్లులు పంపారు. ఏ సరుకు ఎప్పుడు అమ్ముడవుతుందో చెప్పాలి. మొదట్లోనే ఒక వింత కనిపించింది. పప్పు, నూనె కొట్టు కట్టేసేదాకా అమ్ముడవుతున్నాయి. ఉప్పు మాత్రం సాయంత్రం ఠక్కున ఆగిపోతోంది.

"డేటా చెడిపోయింది. సాయంత్రం బిల్లులన్నీ తీసెయ్యండి" అన్నారు మేనేజరు.

నాకు నవ్వొచ్చింది. నరసన్నపేటలో మా మేనమామ కిరాణా కొట్లో పెరిగినదాన్ని. దీపాలు పెట్టాక ఉప్పు, సూదులు అమ్మితే లక్ష్మి వెళ్లిపోతుందని మా వైపు నమ్మకం.

"తప్పు కాదండీ, అది ఆచారం" అన్నాను.

"ఆ మాట రిపోర్టులో రాస్తే ఎవరు నమ్ముతారు? రుజువు చూపించండి."

ఒళ్లు మండింది. కానీ ఆయన అడిగింది న్యాయమే. ఆదివారం విజయనగరంలో మా ఇంటి దగ్గర బస్సెక్కి నరసన్నపేట వెళ్లాను. మంచి చలికాలం. మావయ్య కొట్లో అప్పటికే దీపం వెలుగుతోంది. కావాలనే ఉప్పు ప్యాకెట్టు అడిగాను.

"ఒసే, దీపమెట్టేసినాను, కనబళ్లేదేటి? రేపు పొద్దున్న రా."

"ఇంత బేగి ఎట్టేసినావేటి మావా?"

"పొద్దోయింది కాదేటే? ఎండాకాలమైతే ఈ ఏలకి నీకు ఉప్పిచ్చీవోడిని."

నాకు కావలసింది దొరికింది. తిరిగొచ్చి, ఉప్పు అమ్మకం ఆగిపోయే వేళను నెలనెలకీ విడిగా తీశాను. చలికాలంలో తొందరగా, ఎండాకాలంలో ఆలస్యంగా, అచ్చం పొద్దుగుంకే వేళతో పాటే జరుగుతోంది. సూదులదీ అదే వరస. డేటా చెడిపోతే సూర్యుణ్ణి చూసి చెడిపోదు కదా!

ఆ వేళలను గీతగా గీసి పంపితే, మేనేజరు చూసి ఫోను చేశారు. "సాయంత్రం బిల్లులు ఉంచండి. ఈ సీటు ఇక మీదే" అన్నారు. ఫోను పెట్టేసి, ఇంట్లో ఎవరూ చూడకుండా ఒక గెంతు గెంతాను.

ఆ సంబరంలో వంటకి ఆలస్యమైంది. తీరా చూస్తే ఉప్పు డబ్బా ఖాళీ. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించారు.

"పప్పులో ఉప్పేదే?"

"దీపాలెట్టేసినారు కదండీ, ఎవలిస్తారు? కావాలంటే రుజువు సూపిస్తాను" అన్నాను.

ఇద్దరం చప్పటి పప్పే తిన్నాం. నేను మారు వడ్డించుకున్నాను కూడా.